లైట్ల కురుమమ్మ

కురుమమ్మకు పెళ్లిళ్లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. మక్తల్ దగ్గరి వాళ్ల ఊళ్లో ఏ ఇంటి ముందు పందిరి లేచినా, ఆ ఇంటివాళ్లకంటే ముందు తనే తయారయ్యేది. పసుపు దంచేచోట ఒక మూల కూర్చుని పాట ఎత్తుకునేది. పాటలన్నీ తల్లి దగ్గర నేర్చుకున్నవే. తల్లి నాట్లు వేస్తూ అప్పటికప్పుడు పాటలు కట్టేది. వంగిన నడుము ఎత్తకుండానే పక్క మడిలోని వదినను, గట్టు మీది పటేలును, ఆలస్యంగా వచ్చిన వానను కూడా పాటలో పెట్టి ఆటపట్టించేది. ఆ గుణం కూతురికి అలాగే వచ్చింది.

పెళ్లయి, రెండేళ్లు వరుసగా వానలు ముఖం చాటేశాక, కురుమమ్మ భర్త ఈదయ్యతో కలిసి హైదరాబాద్ బస్సెక్కింది. అశోక్ నగర్ వెనక, నాలా ఒడ్డున ఉన్న బస్తీలో ఒక గది కిరాయికి దొరికింది. పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాలో కూలీల అడ్డా మీద నిలబడేవాళ్లు. అప్పట్లో చిక్కడపల్లిలో పెంకుటిళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఈదయ్య సిమెంటు, ఇసుక వేసి మాల్ కలిపితే కురుమమ్మ తట్టలో ఎత్తుకుని మెట్లెక్కేది. తల మీద ఎంత బరువున్నా ఆమె నోరు ఊరుకునేది కాదు. మేస్త్రీ విసుక్కునేవాడు గానీ, ఆమె రాని రోజు పని మందకొడిగా సాగేదని అతనికీ తెలుసు.

ఒక మాఘమాసం సాయంత్రం పీరయ్య బస్తీలోకి వచ్చాడు. నారాయణగూడ మార్కెట్ వెనక సందులో అతనిది పెళ్లిళ్లకు లైట్లు కిరాయికిచ్చే దుకాణం. లైట్లు మోసే ఆడవాళ్లలో ఒకామె ఊరికి పోయిందట. ఊరేగింపు బయలుదేరే వేళ దగ్గర పడుతోంది.

"ఎవలన్న ఒక్కరు రాండ్రి. జర నడుసుడే పని. అన్నం గూడ ఆడనే పెడ్తరు" అన్నాడు.

"పెండ్లి ఎవలది?" అని అడిగింది కురుమమ్మ.

"ఎవలదైతే నీకేంది?"

"ఎవల పెండ్లికి పోతున్ననో తెల్వాలె గద అన్నా."

పీరయ్యకు నవ్వొచ్చింది. దారి పొడుగునా ఆ పెళ్లికొడుకు ఎవరో, పెళ్లికూతురుది ఏ ఊరో చెప్పుకుంటూ తీసుకుపోయాడు. అంత శ్రద్ధగా అడిగిన మనిషి అతనికి అంతకుముందు తగల్లేదు.

బారాత్ చూసేవాళ్లకు లైట్లే కనిపిస్తాయి. ట్యూబులైట్లూ రంగు బల్బులూ కలిపి పువ్వులా కట్టిన స్టాండు ఒక్కొక్కరి తల మీద చుట్టకుదురు పెట్టి ఎక్కిస్తారు. రెండు వరుసల్లో ఆడవాళ్లు నడుస్తారు. ఒకరి లైటు నుంచి ఇంకొకరి లైటుకు వైరు. ఆ వైరు చివర వెనకాల జనరేటర్ బండి. ఒకరు తొందరపడితే వైరు లాగుతుంది, ఒకరు ఆగితే అందరూ ఆగాలి. పెళ్లివాళ్లు డాన్సు చేసినంతసేపూ కదలకుండా నిలబడాలి. వెలుగుకు వచ్చిన పురుగులు జాకెట్లో దూరినా చెయ్యి దించడానికి ఉండదు. తల తిప్పడం అసలే కుదరదు.

ఆ తల తిప్పలేని చోటనే కురుమమ్మ తన పని కనిపెట్టుకుంది. ఆ సాయంత్రం తర్వాత పీరయ్య ప్రతి పెళ్లికీ ఆమెను పిలిచేవాడు. ఆమెది వరుసలో మొదటి స్థానం. వెనక ఉన్నవాళ్లకు ముందేం జరుగుతోందో కనిపించదు కాబట్టి ఆమె చూసి చెప్పేది. "పెండ్లికొడుకు బూట్లు బిగుతున్నయే, కుంటుతుండు పాపం." "మామకు షేర్వాణీ సాల్తలేదు, గుండీ ఇప్పుడో జరసేపటికో తెగుతది." "ముంగట గుంతున్నది, జర పైలం." ఆ మాట ఒకరి నుంచి ఒకరికి వెనక్కి పోయేది. దాని వెంటే నవ్వు కూడా పోయేది. బరువు మోస్తూ పెద్దగా నవ్వితే లైటు ఊగుతుంది. అందుకని అందరూ గొంతులోనే నవ్వేవాళ్లు. కురుమమ్మ మాత్రం ఆపుకోలేక గట్టిగానే నవ్వేది. ఆమె లైటు ఎందుకో ఊగేది కాదు.

ఆ నవ్వే వందనను ఆమె దగ్గరికి తీసుకొచ్చింది.

వందన వాళ్లది అశోక్ నగర్‌లో స్థిరపడిన కోస్తా కుటుంబం. యూనివర్సిటీలో జర్నలిజం చదువుతూ, మధ్యాహ్నాలు నారాయణగూడలో శ్రీరామమూర్తి వీడియో స్టూడియోలో పెళ్లి క్యాసెట్లకు మిక్సింగ్ చేసేది. శ్రీరామమూర్తి పద్ధతైన మనిషి. ఊరేగింపు భాగం వచ్చినప్పుడల్లా వెనక నిలబడి ఒకటే మాట చెప్పేవాడు. "లైటు కనపడాలమ్మా, లైటు మోసేవాళ్లు కనపడకూడదు. ఆ చెయ్యి వచ్చింది చూడు, అక్కడ కత్తిరించెయ్యి."

వందన కత్తిరించేది. ఒక మోచెయ్యి, ఒక చీరంచు, సగం ముఖం, అన్నీ పోయేవి. కానీ ఆ కత్తిరింపుల్లోంచి ఒక నవ్వు పదేపదే వినపడేది. పెళ్లి మారేది, ఊరేగింపు మారేది, నవ్వు మాత్రం అదే. బాండు మేళం చప్పుడు మీదుగా కూడా తెలిసిపోయేది. అంత బరువు కింద ఒక మనిషికి అంత నవ్వు ఎక్కడినుంచి వస్తుందా అనుకునేది వందన.

ఆ ఏడు క్లాసులో అందరూ తలా ఒక డాక్యుమెంటరీ తీయాలన్నారు. విషయం, మనం చూస్తూ కూడా చూడని పనులు. ఒకడు జూలో మొసళ్లకు మేత వేసే అతన్ని ఎంచుకున్నాడు. ఇంకొకరు పాములు పట్టేవాళ్లను. వందన ఆ లైట్లు ఎవరివో స్టూడియోలో కనుక్కుని, తిన్నగా పీరయ్య దుకాణానికి వెళ్లింది. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు కూర్చుని బల్బులు తుడుస్తున్నారు. ఎవరినీ ఏమీ అడగకుండా పక్కనే నిలబడింది. కాసేపటికి ఆ నవ్వు వినపడింది. అప్పుడు ఆ ముఖం వైపు చూసింది. గుండ్రటి ముఖం, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, ముక్కుకు రెండువైపులా పుల్లలు.

"మీ మీద సినిమా తీస్తానక్కా" అంది వందన.

బల్బులు తుడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. కురుమమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"నా మీదనా? నేనేమన్న పెండ్లికూతురునా బిడ్డా?"

"మీ పని మీద. మీరు లైటు పట్టుకుని నడుస్తుంటే తీస్తాను."

"వద్దు బిడ్డా" అంది కురుమమ్మ, నవ్వడం మానేసి. "పెండ్లోళ్లు ఏమనుకుంటరు? వాళ్ల పిలగాని దిక్కు గాకుంట మా దిక్కు కెమెరా పెడితే వాళ్లకు మనసుల బాధగాదా? జల్మల ఒక్కసారి వచ్చే దినం అది."

వందన ఈ జవాబు ఊహించలేదు. ఆలోచించి, "పెళ్లివాళ్లు ఒప్పుకుంటే?" అంది.

"ఒప్పుకుంటె సరే. గని వాళ్ల నోటితోని నేను ఇనాలె."

పీరయ్య చేతిలో ఉన్న ముహూర్తాల్లో బర్కత్‌పురలో ఒక పెళ్లి ఉంది. పెళ్లికొడుకు గుంటూరు వైపు కుర్రాడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి పరీక్షలు రాసి రాసి బ్యాంకు ఉద్యోగం సంపాదించుకున్నాడు. మగపెళ్లివారి విడిది నారాయణగూడలో. వందన కురుమమ్మను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. పెళ్లికొడుకు తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచం మీద కూర్చుని తమలపాకులు తుడుస్తున్న నాయనమ్మ మాత్రం వెంటనే అంది.

"తియ్యమ్మా, తియ్యి. మా వాడి మొహం పుట్టినప్పట్నించీ చూస్తానే ఉన్నాం. వాడికోసం వేరే కెమెరా ఉంది గదా. పాపం, వీళ్లను ఎవరు తీశారు ఇన్నాళ్లూ?"

కురుమమ్మ చెవులారా విన్నది. ఆ మాట బస్తీకి చేరిన మరుక్షణం అక్కడ ఇంకో తంటా మొదలైంది. లైట్లు మోసే ఆడవాళ్లంతా ట్రంకు పెట్టెలు తెరిచారు. కురుమమ్మ వెనక నడిచే బుగ్గమ్మ తన పెళ్లినాటి పట్టుచీర బయటికి తీసింది. ఇంకొకామె ఆడపడుచు నగ అడిగి తెచ్చుకుంది. ఊరేగింపు రోజు సాయంత్రం చిక్కడపల్లి పూలకొట్లలో మల్లెలన్నీ వీళ్లే కొన్నారేమో అన్నట్టుగా అందరూ జడల నిండా పూలతో విడిది ముందు దిగారు. లైట్లు ఎక్కించడానికి వచ్చిన పీరయ్య నోరు తెరిచాడు.

"నేను లైట్లోళ్లను రమ్మంటె పెండ్లోళ్లు వచ్చిన్రేంది?"

ఆ మాట అన్నంతసేపు పట్టలేదు, నిజంగానే అలాగైంది. ఎదుర్కోలుకు వచ్చిన ఆడపెళ్లివారు గబగబా గుమ్మంలోకి వస్తూ, ఎదురుగా పట్టుచీరల్లో నిలబడ్డవాళ్లను చూసి మగపెళ్లివారి చుట్టాలే అనుకున్నారు. అందరి మీదా పన్నీరు చల్లారు. బొట్టు పెట్టారు. ఒక పెద్దావిడ కురుమమ్మ చెయ్యి పట్టుకుని "మీరు పెళ్లికొడుకు మేనత్త గదా, నిలబడ్డారేంటండీ" అంటూ కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. బుగ్గమ్మ గోడ పక్కకు జరిగింది. కురుమమ్మ మాత్రం మర్యాదగా కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మీ పిల్ల సల్లగుండాలె" అని దీవించింది. ఆ తర్వాత లేచి వెళ్లి పీరయ్య చేత తల మీద లైటు ఎక్కించుకుంది. ఆ పెద్దావిడ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఇదంతా వందన కెమెరాలోకి ఎక్కింది.

ఊరేగింపు కదిలింది. ముందు బాండు మేళం, తర్వాత పూల కారులో పెళ్లికొడుకు, రెండువైపులా లైట్లు. వందన కాలేజీ కెమెరా భుజాన పెట్టుకుని ఆడవాళ్ల ముందు వెనక్కి నడుస్తూ తీస్తోంది. మొదట్లో వాళ్లు బిగుసుకుపోయారు. ఎవరూ మాట్లాడరు, నవ్వరు, ఫోటోకు నిలబడ్డట్టు కళ్లు తెరుచుకుని నడుస్తున్నారు. కాసేపు ఓపిక పట్టిన కురుమమ్మకు ఇక ఊపిరాడలేదు.

"ఓ బుగ్గమ్మా, పెండ్లికొడుకు సూపు రోడ్డు మీదలేదే. అద్దంల ముఖం సూసుకుంటుండు."

అంతే, వరుస మొత్తం మామూలైపోయింది.

బర్కత్‌పుర వైపు తిరిగే మలుపు దగ్గర జనరేటర్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. అదే సమయానికి వీధిలోనూ కరెంటు లేదు. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. బాండు వాళ్లు వాయించడం ఆపేశారు. చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఎవరో ఎవరి కాలో తొక్కారు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. పీరయ్య బండి దగ్గర తాడు లాగుతూ జనరేటర్‌ను తిడుతున్నాడు. ఆడవాళ్ల తలల మీద ఆరిపోయిన లైట్లు అలాగే ఉన్నాయి. దించితే మళ్లీ ఎక్కించడానికి మనుషులు కావాలి. అందుకని చీకట్లో అలాగే నిలబడ్డారు. పెళ్లివారి గొంతుల్లో కోపం మొదలవుతోంది. శుభమా అని ఊరేగుతుంటే ఇదేమిటని ఎవరో గొణిగారు.

అప్పుడు కురుమమ్మ గొంతెత్తింది.

"ఎన్నెల రాలేదు ఏలనో బావో
ఎదురుంగ ఉన్నవా ఎట్లున్నవయ్యో
నల్లంగ ఉన్నవో తెల్లంగ ఉన్నవో
చెయ్యందుకుంటేనె తెలిసేను బావో"

గొణుగుడు ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. నాయనమ్మ గొంతు చీకట్లోంచి వినపడింది. "ఒరేయ్ అబ్బాయ్, నిన్నే అడుగుతోంది, జవాబు చెప్పు."

కారులోంచి పెళ్లికొడుకు సిగ్గుపడుతూ, "తెల్లగానే ఉంటానండీ" అన్నాడు.

వీధి వీధంతా నవ్వింది. కురుమమ్మ ఇంకో చరణం కట్టింది.

"జనరేటరు మామకు నిద్రొచ్చెనేమో
తట్టి లేపరాదె తమ్ములారా మీరు
మామ లేచేదాక మనకేమి తొందర
మల్లెపూల వాసన దారి చూపేను"

బాండులో డప్పు కొట్టే అతను తాళం అందుకున్నాడు. బుగ్గమ్మా మిగతావాళ్లూ వంత పాడారు. ఆడపెళ్లివారిలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఏడుస్తున్న పిల్లలు ఊరుకున్నారు. కురుమమ్మ పాటలో పెళ్లికొడుకు మేనమామ బిగుతు గుండీని వదల్లేదు, బావమరిది మీసాలను వదల్లేదు. జనరేటర్ మళ్లీ గుర్రుమని అన్ని లైట్లూ ఒకేసారి వెలిగేసరికి, పెళ్లికొడుకు కారు దిగి ఆడవాళ్ల వరుస పక్కన నిలబడి ఉన్నాడు. నాయనమ్మ కురుమమ్మ మోచెయ్యి పట్టుకుని ఉంది. వెలుగు వచ్చినందుకు ఎవరూ పెద్దగా సంతోషించినట్టు లేదు. "పాట కానివ్వమ్మా" అన్నారు.

మర్నాడు స్టూడియోలో టేపు వేసి చూసుకున్న వందనకు ఏడుపొక్కటే తక్కువ. పాట మొదలైన దగ్గరి నుంచీ బొమ్మ నల్లగా ఉంది. కెమెరా ఆన్‌లోనే ఉంది, కానీ వెలుగు లేనిదే అది మాత్రం ఏం చూస్తుంది? శ్రీరామమూర్తి ఎప్పటిలా వెనక వచ్చి నిలబడ్డాడు.

"మొత్తం పోయింది సార్. కత్తిరించేస్తాను" అంది.

ఆయన నల్లటి తెర మీద కళ్లు పెట్టి చివరిదాకా విన్నాడు. "మళ్లీ వెయ్యి" అన్నాడు. రెండోసారి విన్నాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"దీన్ని ముట్టుకోకమ్మా. ఇలాగే ఉండనీ."

వందన అలాగే ఉంచింది. పురుగులూ, వైర్లూ, చుట్టకుదుళ్లూ, పన్నీరూ, కాఫీ, ఆ తర్వాత నల్లటి తెర మీద పాట. క్లాసులో మాస్టారు చూసి చీకటి కాస్త ఎక్కువైందన్నారు, కానీ ఆయనే సాయంత్రం కారిడార్లో ఆ పాట కూనిరాగం తీస్తూ దొరికిపోయారు.

చిక్కడపల్లి కేబుల్ అతను వందన తండ్రికి తెలిసినవాడు. ఒక ఆదివారం పొద్దున తన లోకల్ ఛానెల్లో ఆ ఫిలిం వేశాడు. బస్తీలో టీవీ ఉన్నది బుగ్గమ్మ ఇంట్లోనే కాబట్టి అందరూ అక్కడే చేరారు. గదిలో చోటు చాలక కిటికీకి వేలాడారు. తమ ముఖాలు తెర మీద కనపడ్డప్పుడల్లా కేకలు. కురుమమ్మ మాత్రం తనను తాను చూసుకోలేక చేతులు అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూసింది.

తెర నల్లబడగానే ఈదయ్య లేచాడు. టీవీ చెడిపోయిందనుకుని దాని నెత్తి మీద ఒక దెబ్బ వెయ్యబోయాడు. సరిగ్గా అప్పుడే భార్య గొంతు వినపడింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఈదయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె లైట్లు మోసిన పెళ్లికి ఒక్కదానికీ పోలేదు. పాట అయ్యేదాకా టీవీ పక్కన నిలబడే విన్నాడు.

"గీ రాగం మీ అమ్మది గద" అన్నాడు చివరికి.

"ఆ, అమ్మదే."

"నువ్వు లైట్లు మోసి మోసి ఎంత కష్టపడుతున్నవోనని నేను రోజు పరేషాన్ అయితున్న. నువ్వేమో గిట్ల నవ్వుకుంట, పాడుకుంట తిరుగుతున్నవా పెండ్లిళ్లల్ల?"

"మెడ గుంజుతది. గది గూడ నిజమే" అంది కురుమమ్మ. "మరి నవ్వకపోతె ఎక్కువ గుంజుతది."

గదిలో అందరూ నవ్వారు. ఈదయ్య కూడా నవ్వాడు. ఆ రోజు సాయంత్రం ఎవరూ చెప్పకుండానే ఆవాలనూనె వేడిచేసి తెచ్చి ఆమె మెడకు రాశాడు.

ఆ పొద్దున ఫిలిం నడుస్తున్నంతసేపూ కేబుల్ ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. బొమ్మ పోయిందని చెప్పడానికి ఫోన్ చేసినవాళ్లే, మాట మధ్యలో ఆగి, "ఉండండి, పాటొస్తోంది" అని పెట్టేస్తున్నారట. మరుసటి ఆదివారం మళ్లీ వెయ్యమన్నారు. కేబుల్ అతను ఈసారి ముందే తెలివిగా, టీవీ బాగానే ఉంది, కంగారు పడవద్దు అని కింద రాసి మరీ వేశాడు.

ఆ వారంలోనే చిక్కడపల్లి నుంచి ఒకావిడ కుంకుమ భరిణె పట్టుకుని బస్తీలోకి వచ్చింది. "చీకట్లో పాట పాడినావిడ ఇల్లెక్కడండీ?" అని అడిగింది. వాళ్లమ్మాయిని పెళ్లికూతుర్ని చేసేటప్పుడు వచ్చి కూర్చుని పాడాలట. కురుమమ్మ బొట్టు పెట్టించుకుంది. తర్వాత పెళ్లికూతురి పేరు, పిల్లవాడి ఊరు, ఆడపడుచుల సంగతులు అన్నీ అడిగి తెలుసుకుంది. పాటలో పెట్టాలంటే తెలియాలి కదా.

ఆ పెళ్లికి వీడియో శ్రీరామమూర్తిదే. పసుపు దంచుతుండగా కెమెరా ఇటు తిరిగేసరికి కురుమమ్మ అలవాటు కొద్దీ పక్కకు జరిగింది. ఆయన కెమెరా దించి, "కురుమమ్మా, అటు పోతే ఎలా? మధ్యలోకి రా" అన్నాడు.

తర్వాత అలాంటి పిలుపులు చాలా వచ్చాయి. పొద్దున పూట పాటలు, సాయంత్రం లైట్లు. తట్ట మోసే పని తగ్గించుకుంది గానీ లైట్లు మానలేదు. ఇక కూర్చుని పాడుకోవచ్చు గదా అని వందన అడిగితే, "కూసుంటె ఒక్క పెండ్లే కనపడ్తది బిడ్డా. లైటు ఎత్తుకుంటె ఊరంత కనపడ్తది" అంది.

వందనకు కాలేజీ అయ్యాక ఇంకో డాక్యుమెంటరీ తీసే అవకాశం వచ్చింది. ఎవరి మీద తీయాలా అని ఆలోచిస్తుంటే కురుమమ్మే దారి చూపింది. నగరంలో ఎవరూ పట్టించుకోని పనులు చేసేవాళ్లంతా ఆమెకు ఏదో ఒక పెళ్లిలో తగిలినవాళ్లే. అపార్ట్‌మెంట్ల మీద తేనెపట్లు తీసే ఒకాయన దోమలగూడలో ఉంటాడని చెప్పింది. ఒకరోజు పొద్దున అశోక్ నగర్ చాయ్ బండి దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకున్న కుర్రాళ్ల మధ్య నిలబడి చాయ్ తాగారు. వందన తను అడగాల్సిన ప్రశ్నలు మనసులో ఒకటికి రెండుసార్లు చెప్పుకుంటూ నడిచింది.

ఆయన ఒక నాలుగంతస్తుల బిల్డింగు మీద, నీళ్ల ట్యాంకు పక్కన దొరికాడు. వందన కెమెరా సర్దుకుంటుండగానే కురుమమ్మ ఆయన పక్కన చతికిలబడింది.

"అన్నా, గవి నిన్ను కుట్టవా?"

"ఎందుకు కుట్టవు? కుడ్తయి" అన్నాడు ఆయన, పొగపెట్టే గడ్డి చుట్టుకుంటూ. "అవి వాటి పని చెయ్యాలె, నేను నా పని చెయ్యాలె."

కురుమమ్మకు ఆ మాట భలే నచ్చింది. వందన తన ప్రశ్నలు పక్కన పెట్టి, కెమెరా ఆన్ చేసి ఇద్దరినీ మాట్లాడుకోనిచ్చింది. పట్టు దించాక ఆయన మోదుగాకుల్లో తలా కాస్త తేనె పెట్టి ఇచ్చాడు. వేళ్లు నాక్కుంటూ ముగ్గురూ ట్యాంకు నీడలో చాలాసేపు కూర్చున్నారు.